గోదావరి లోయ బొగ్గు గ్యాసు: ముందు రాతిని కొలవండి

హైడ్రోకార్బన్ల డైరెక్టర్ జనరల్ గారికి, సింగరేణి కాలరీస్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాణ్ని. మా నాన్నగారు ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలు దారితో దిగే భూగర్భ గనిలో, కోల్ కట్టర్‌గా పనిచేశారు. నేను చదువుకుని, ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గు అన్వేషణ బోర్ల దగ్గర భూగర్భ శాస్త్రవేత్తగా గడిపి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాను. బొగ్గు పొరల్లోని మీథేన్, అంటే సీబీఎం, గురించి మా ప్రాంతంలో మాట వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న వినబడుతుంది: ఇక్కడ ఎంత గ్యాసుంది? ఎవరో ఒకరు ఒక పెద్ద అంకె చెబుతారు. అక్కడితో చర్చ ముగుస్తుంది. ఉన్న గ్యాసును ఈ రాయి ఎంత మేరకు వదులుతుంది, ఎంత వేగంగా వదులుతుంది, దానితో పాటు ఎంత నీటిని బయటికి తెస్తుంది అని అడిగేవారు కనబడరు. గోదావరి లోయలో ఏ ప్రాంతాన్నైనా సీబీఎం కోసం ఇకమీదట వేలానికి పెట్టే ముందు, ఈ రెండో ప్రశ్నకు కొలిచి తేల్చిన జవాబును ప్రజల ముందు ఉంచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పెద్ద అంకెతో మన దేశానికి ఉన్న అనుభవం మీకు తెలియనిది కాదు. 12 రాష్ట్రాల్లో కలిపి దాదాపు 92 లక్షల కోట్ల ఘనపుటడుగుల సీబీఎం వనరు ఉందని, దేశంలో చమురు, గ్యాసు అన్వేషణను చూసే హైడ్రోకార్బన్ల డైరెక్టర్ జనరల్ కార్యాలయమే చెబుతూ వచ్చింది. సీబీఎం విధానం 1997లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ దక్షిణ బ్లాకులో వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యేసరికి 2007 అయింది, మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్‌లో 2017 అయింది. నాలుగు విడతల వేలంలోనూ, నామినేషన్ వంటి ఇతర దారుల్లోనూ కలిపి 33 బ్లాకులు ఇచ్చిన తర్వాత కూడా దేశ సహజవాయు ఉత్పత్తిలో సీబీఎం వాటా నేటికీ రెండు శాతం దరిదాపుల్లోనే ఉంది. భూమి దొరకకపోవడం, అనుమతుల జాప్యం, పైపులైను లేకపోవడం, ధర వంటి కారణాలు చెబుతారు. అవి నిజమే. కానీ ఆ కారణాలన్నీ తొలగిన చోట కూడా కొన్ని బోర్లు ఎందుకు పండాయో, వాటి పక్కవే ఎందుకు పండలేదో చెప్పగలిగేది రాయి ఒక్కటే.

మామూలు గ్యాసు బావిలో వాయువు ఇసుకరాతి రేణువుల మధ్య సందుల్లో ఒత్తిడితో కూరుకుని ఉంటుంది, దారి దొరకగానే బయటికి వస్తుంది. బొగ్గులో అలా కాదు. బొగ్గు లోపల కంటికి కనబడని సూక్ష్మ రంధ్రాలు కోటానుకోట్లు ఉంటాయి. ఒక గ్రాము బొగ్గులోని ఈ రంధ్రాల గోడలన్నీ విప్పి పరచగలిగితే వంద చదరపు మీటర్లు దాటవచ్చు. మీథేన్ అణువులు ఆ గోడలకు అంటుకుని ఉంటాయి. దీన్ని అధిశోషణం అంటారు. బొగ్గులోని గ్యాసులో తొంభై శాతానికి పైగా ఈ రూపంలోనే ఉంటుంది, దాన్ని అక్కడ అంటిపెట్టి ఉంచేది పొరలోని నీటి ఒత్తిడి. అందుకే సీబీఎం బోరు నుంచి మొదట నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి, నీరే వస్తుంది. నీరు తోడేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. ఒక హద్దుకు తగ్గాక అణువులు గోడ విడిచి, రంధ్రాల్లోంచి మెల్లగా పాకుతూ దగ్గరలోని పగులును చేరతాయి, అక్కడి నుంచి బోరు వైపు ప్రవహిస్తాయి. నిల్వ ఉండేది రంధ్రాల్లో, నడిచేది పగుళ్లలో. ఈ రెండూ ఒకే బొగ్గులో ఉన్నా, ఒకటి బాగుందని రెండోది బాగుంటుందన్న హామీ లేదు.

ఆ పగుళ్లను చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. గని నుంచి వచ్చిన ఒక బొగ్గు పెళ్లను ఎండలో తిప్పి చూస్తే మెరిసే పట్టీలూ, మసకగా ఉండే పట్టీలూ ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనబడతాయి. మెరిసే పట్టీల్లో దారాల్లాంటి సన్నని నిలువు పగుళ్లు మిల్లీమీటర్ల ఎడంతో వరుసగా ఉంటాయి. వీటినే క్లీట్లు అంటారు. ఒక వరుస పొడవుగా, తెగకుండా సాగుతుంది, అది ఫేస్ క్లీట్. దానికి అడ్డంగా, పొట్టిగా, మొదటిదాన్ని తాకి ఆగిపోయేది బట్ క్లీట్. మసక పట్టీల్లో ఇవి అరుదు. ఇంకొంచెం శ్రద్ధగా చూస్తే కొన్ని పగుళ్ల ముఖాలపై పొలుసులాంటి తెల్లని పూత కనబడుతుంది. అది కాల్సైటో, తెల్లని బంకమట్టో అయి ఉంటుంది. ఆ పూత ఉన్నచోట గ్యాసు దారి మూసుకుపోయినట్టే. చిన్నప్పుడు మా ఇంటి పొయ్యిలోకి వచ్చిన పెళ్లల మీద ఆ తెల్లని పొలుసును గోటితో గీకి ఆడుకున్నాను. దాని విలువ ఏమిటో అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

క్లీట్లు ఎంత తెరుచుకుని ఉన్నాయన్నదాన్ని బట్టి బొగ్గు పారగమ్యత, అంటే నీటినీ గ్యాసునూ తనలోంచి పోనిచ్చే గుణం, ఏర్పడుతుంది. సన్నని పగులులో ప్రవాహం దాని వెడల్పు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వెడల్పు సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పైనున్న రాతి బరువు, పక్కల నుంచి నెట్టే అడ్డ ఒత్తిళ్లు ఈ పగుళ్లను నొక్కి ఉంచుతాయి కనుక, లోతు పెరిగేకొద్దీ పారగమ్యత వేగంగా క్షీణిస్తుంది. పారగమ్యతను మిల్లీడార్సీల్లో కొలుస్తారు. మూడు వందల మీటర్ల దగ్గర పదుల మిల్లీడార్సీలు చూపిన పొరే వెయ్యి మీటర్ల దగ్గర ఒక మిల్లీడార్సీ కూడా చూపకపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు తోడి ఒత్తిడి తగ్గించినప్పుడు, పగులును లోపలి నుంచి తెరిచి ఉంచే బలం కూడా తగ్గి, క్లీటు మరింత మూసుకుంటుంది. అదే సమయంలో గ్యాసు విడిచిన బొగ్గు కొద్దిగా కుంచించుకుపోతుంది, దానివల్ల క్లీటు తెరుచుకుంటుంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో బొగ్గు బిగువు మీద, అది వదిలిన గ్యాసు మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని శాన్ హువాన్ పరీవాహకంలో మంచి బోర్లు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గకుండా ఇంకా పెరుగుతూ వచ్చాయంటే, అక్కడ కుంచించుకోవడం గెలిచింది. తక్కువ గ్యాసు ఉన్న బొగ్గు తక్కువే కుంచించుకుంటుంది. గోదావరి లోయ విషయంలో నా మొదటి ఆందోళన ఇదే.

ఎందుకంటే మన బొగ్గు జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు కాదు. ఝరియాది పరిపక్వత ఎక్కువైన, అంటే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ బాగా మారిన, ఉక్కు తయారీకి పనికొచ్చే కోకింగ్ బొగ్గు. అక్కడి మూనిడీ గని గనుల భద్రతా వర్గీకరణలో మూడో డిగ్రీ గ్యాసు గని, అంటే తవ్విన ప్రతి టన్నుకు పది ఘనపు మీటర్లకు మించి మండే వాయువు వెలువడే గని. సింగరేణి గనులు చాలావరకు మొదటి డిగ్రీలోనివి, టన్నుకు ఒక ఘనపు మీటరు లోపు. ఇందుకు కారణం మన బొగ్గు పరిపక్వత తక్కువ కావడం, దానిలో తేమ ఎక్కువగా ఉండడం. తేమ అణువులు రంధ్రాల గోడలపై ముందే చోటు ఆక్రమిస్తాయి, మీథేన్‌కు మిగిలేది తగ్గుతుంది. బూడిదకు, అంటే బొగ్గులో కలిసిన మట్టికీ రాతికీ, గ్యాసును పట్టే గుణం దాదాపు లేదు. అయినా పొర మందం చెప్పేటప్పుడు మధ్యలోని షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పట్టీలను కూడా కలిపి చెబితే, కాగితం మీద గ్యాసు పెరుగుతుంది. ఇవి తవ్వుతున్న, అంత లోతు లేని పొరల మాటలేనని, ఇంకా లోతున ఉన్న పొరల్లో గ్యాసు ఎక్కువ ఉండవచ్చని అనే వాదనను నేను తోసిపుచ్చను. లోతుతో పాటు పారగమ్యత తగ్గుతుందన్న మాటను కూడా అదే వాక్యంలో చెప్పాలని మాత్రం అంటాను.

ఒక లెక్క వేసి చూపుతాను. ఇది ఏ ఒక్క బోరుదీ కాదు, విషయం తేటపడటానికి నేను ఎంచుకున్న అంకెలు. ఆరు వందల మీటర్ల లోతున ఉన్న పొరలో నీటి ఒత్తిడి సుమారు 60 బార్ (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఆ బొగ్గు ఎంత ఒత్తిడి పెట్టినా పట్టగలిగిన గరిష్ఠ గ్యాసు టన్నుకు 15 ఘనపు మీటర్లనీ, అందులో సగం 30 బార్ దగ్గర పడుతుందనీ అనుకుందాం. ఒత్తిడిని బట్టి గోడలకు ఎంత గ్యాసు అంటుకుంటుందో చెప్పే లాంగ్‌మ్యూర్ సూత్రం ప్రకారం 60 బార్ దగ్గర అది 10 ఘనపు మీటర్లు పట్టగలదు. కోర్‌ను, అంటే బోరు నుంచి కోసి తీసిన స్తంభం లాంటి రాతి నమూనాను, పరీక్షిస్తే నిజంగా ఉన్నది ఆరే అని తేలిందనుకోండి. అప్పుడు ఒత్తిడి 60 నుంచి 20 బార్‌కు దిగేదాకా ఒక్క బుడగ కూడా గోడ విడవదు. అంటే బోరులో నీటి మట్టాన్ని దాదాపు నాలుగు వందల మీటర్లు దించాలి. దించాక 5 బార్ దాకా పొర ఖాళీ అయినా టన్నుకు నాలుగు ఘనపు మీటర్లకు కొంచెం తక్కువే వస్తుంది, మిగిలిన రెండు బొగ్గులోనే ఉండిపోతాయి. టన్నుకు ఆరు ఘనపు మీటర్లు అని ప్రకటించిన అంకె వెనుక ఇంత కథ ఉంది. పైగా నాలుగు వందల మీటర్ల నీటిని దించడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఎంత నీరు తోడాలి అన్నవి మళ్లీ పారగమ్యత మీదా, పొర పైనా కిందా ఉన్న రాతి మీదా ఆధారపడతాయి.

ఆ ఆరు అన్న అంకె ఎలా పుడుతుందో కూడా పాఠకులకు చెప్పాలి. బోరు నుంచి పైకి లాగిన బొగ్గు కోర్‌ను వెంటనే గాలి చొరని అల్యూమినియం డబ్బాలో బిగించాలి. పొర ఉష్ణోగ్రతకు సరిపడా వేడి నీళ్ల తొట్టిలో ఆ డబ్బాను ఉంచి, సన్నని గొట్టంతో తలకిందులుగా నీటిలో పెట్టిన కొలజాడీకి కలపాలి. మొదటి గంటల్లో కొద్ది నిమిషాలకోసారి, తర్వాత గంటలకోసారి, ఆపై రోజులకోసారి కొలత రాయాలి. గ్యాసు ఆగాక బొగ్గును నలిపి, మిగిలినదాన్ని లెక్కించాలి. కోర్ పైకి వస్తున్నప్పుడూ, డబ్బాలో బిగించే ముందూ తప్పించుకున్న గ్యాసును మాత్రం ఎవరూ కొలవలేరు. మొదటి గంటల కొలతలను కాలం వర్గమూలానికి ఎదురుగా గీసి, వెనక్కి గీత పొడిగించి అంచనా వేస్తారు. డబ్బా బిగించడం ఆలస్యమైతే ఆ అంచనా పూర్తిగా ఊహే అవుతుంది.

ఒక క్యాంపులో ఒక రాత్రి నా కళ్ల ముందే ఇది జరిగింది. కోర్ పైకి వచ్చాక డబ్బా మూత రబ్బరు వలయం కనబడలేదు. వెతికి తెచ్చేసరికి గంటకు పైగా అయింది. ఆ గంటసేపు తడి బొగ్గు ట్రేలో చిటపటలాడుతూ ఉంది, చెవి దగ్గర పెడితే సన్నగా వినబడింది. ఫారంలో మాత్రం నమూనాను మామూలుగా పట్టే సమయంలోనే బిగించినట్టు రాశారు. నేను అభ్యంతరం చెప్పాను, తర్వాత సంతకం చేశాను. ఆ అంకె ఏ నివేదికలోకి పోయి, ఏ మొత్తంలో కలిసిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు. ఈ లేఖ రాయడానికి అది కూడా ఒక కారణం.

ఇక బొగ్గు పొర మీద ఉండే పైకప్పు రాయి. మా గనుల్లో పనిచేసినవారు దీనికే ఎక్కువ భయపడతారు, ఎక్కువ గౌరవం కూడా ఇస్తారు. గోదావరి లోయలో బొగ్గు పొరలు పెర్మియన్ అనే అతి ప్రాచీన కాలపు, బారాకార్ అని పిలిచే శిలల్లో ఉన్నాయి. వాటి మధ్యా, వాటి పైనా మందపాటి ఇసుకరాయి ఉంది, ఆ ఇసుకరాయి చాలాచోట్ల నీటిని బాగా మోస్తుంది. నీరు తోడే పంపులు ఆగితే గని ఏమవుతుందో సింగరేణి యాజమాన్యానికి చెప్పే అవసరం లేదు. బొగ్గు పైన నీరు చొరని షేల్ తగినంత మందంగా ఉంటే, తోడిన నీరు బొగ్గు నుంచే వస్తుంది, ఒత్తిడి దిగుతుంది. షేల్ పలుచగా ఉన్నా, భ్రంశంతో (రాతి పొరలు విరిగి పక్కకో కిందికో జరిగిన చోటుతో) తెగిపోయినా, పైనున్న ఇసుకరాయి బోరును నింపుతూనే ఉంటుంది. ఎంత తోడినా పొర ఒత్తిడి దిగదు, గ్యాసు రాదు. మన లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన చీలిక లోయ, దీన్ని అడుగడుగునా భ్రంశాలు కోసి ఉన్నాయి. ఒక్కో భ్రంశం గ్యాసుకు గోడగా నిలవవచ్చు, లేదా నీటికి కాలువ కావచ్చు. ఏది ఏదో తేలాలంటే అక్కడే బోరు వేసి పరీక్షించాలి.

పారగమ్యత తక్కువైన బొగ్గును నీరూ ఇసుకా ఒత్తిడితో పంపి పగలగొడతారు. ఆ పగులు ఎటు పోతుందన్నది కూడా రాతి గుణమే నిర్ణయిస్తుంది. బొగ్గు మెత్తనిది, ఇసుకరాయి గట్టిది. చుట్టుపక్కల రాతి మీద ఉన్న ఒత్తిడి బొగ్గు మీదకంటే తగినంత ఎక్కువగా ఉంటే పగులు పొరలోనే సాగుతుంది. లేకపోతే పైకి ఎగబాకి ఇసుకరాతిలోకి దూరి, గ్యాసుకు వేసిన దారి నీటికి తలుపు తీస్తుంది. ఇక్కడే సింగరేణికి ఒక అరుదైన అనుకూలత ఉంది. 1980ల నుంచి లాంగ్‌వాల్ గనుల (పొడవైన బొగ్గు గోడను యంత్రంతో కోస్తూ, వెనక పైకప్పును కూలనిచ్చే గనుల) కోసం, ఈమధ్య అలాంటిదే అయిన అడ్రియాల గని కోసం, పైకప్పు ఇసుకరాయి ఎప్పుడు కూలుతుందో, ఎంత బరువు మోస్తుందో ముందుగా తెలుసుకోవలసి వచ్చింది. అందుకోసం కోర్‌లను నలిపి బలం, బిగువు కొలిచారు. మనుషుల ప్రాణాల కోసం చేసిన ఆ పరీక్షలే సీబీఎం బోరు రూపకల్పనకు కూడా మొదటి ఆధారం కాగలవు. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించిన నాటి నుంచి ఈ లోయలో ఎన్నో బోర్లు వేశారు. గ్యాసు ప్రశ్న మనసులో పెట్టుకుని వాటి రికార్డుల్లో దొరికినవన్నీ ఇంకోసారి చదవాలి.

గ్యాసు తక్కువైన బొగ్గు ఎక్కడా పండలేదని నేను అనడం లేదు. అమెరికాలోని పౌడర్ రివర్ పరీవాహకంలో బొగ్గు మనదానికంటే ఇంకా లేతది, టన్నుకు ఒకటి రెండు ఘనపు మీటర్ల గ్యాసే ఉంది. కానీ అక్కడ పొరల మందం పదుల మీటర్లు, పైగా అంత లోతులో లేకపోవడంతో పారగమ్యత వందల మిల్లీడార్సీల్లో ఉంది. అందుకే వేల బోర్లు నడిచాయి. అదే చోట భూగర్భ జలమట్టాలు పడిపోయాయి, ధర తగ్గాక వేల బోర్లను యజమానులు వదిలేసి పోయారు. మా దగ్గర ఆ మందం ఎక్కడుంది, ఆ పారగమ్యత ఎక్కడుంది అన్నది కొలిస్తే తేలుతుంది. రెండూ లేవని తేలితే ఆ సంగతి బోర్లు వేయకముందే తెలియడం రైతుకూ మేలు, పెట్టుబడిదారుకూ మేలు.

కనుక మీకు నా విన్నపం ఇది. గోదావరి లోయలో సీబీఎం కోసం ఏ ప్రాంతాన్ని ఎంచుకున్నా, వేలానికి ముందే ప్రతి ముఖ్యమైన పొరలో నీరు ఎక్కించి ఒత్తిడి పడిపోవడం గమనించే పరీక్షతో పారగమ్యతను బోరులోనే కొలిపించండి. ప్రయోగశాలలో చేతిలో పట్టిన ముక్క మీద తీసిన కొలతను దానికి బదులుగా అంగీకరించవద్దు, ఎందుకంటే ఒత్తిడి నుంచి బయటపడ్డ ముక్కలో క్లీట్లు నిజంగా ఉన్నదానికంటే తెరుచుకుంటాయి. గ్యాసు పరిమాణం చెప్పేటప్పుడు కోర్ పైకి వచ్చిన సమయం, డబ్బా బిగించిన సమయం, తప్పించుకున్న గ్యాసుకు వేసిన అంచనా, బూడిద, తేమ శాతాలు పక్కపక్కనే ముద్రించండి. బొగ్గుకు పైన ముప్ఫై మీటర్లు, కింద ముప్ఫై మీటర్ల వరకూ ఏ రాయి ఉంది, అది నీరు మోస్తుందా లేదా అన్నది మ్యాపు మీద చూపండి. ఫేస్ క్లీట్ దిశను, భూమిలోని గరిష్ఠ అడ్డ ఒత్తిడి దిశను కలిపి గీయించండి. అడ్డంగా తవ్వే బోరు ఫేస్ క్లీట్లను లంబంగా కోస్తేనే దారులు ఎక్కువ దొరుకుతాయి.

ఎండిపోయిన బోర్ల ఫలితాలు కూడా బయటపెట్టండి. ఈ లోయలో గతంలో సీబీఎం కోసం బ్లాకులు కేటాయించారు, తర్వాత వాటి మాట వినబడలేదు. అక్కడ ఎంత లోతుకు దిగారు, ఏ పారగమ్యత దొరికింది, ఎంత నీరు వచ్చింది అన్న వివరాలు హైడ్రోకార్బన్ల డైరెక్టర్ జనరల్ నడిపే జాతీయ డేటా నిధికే పరిమితం కాకుండా, ఆ గ్రామాల పంచాయతీలకు కూడా తెలుగులో అందాలి. పండని బోరు ఒకటి చెప్పే సంగతి, పండుతుందన్న అంచనాలు పది చెప్పలేవు. సింగరేణి యాజమాన్యం తన వంతుగా లాంగ్‌వాల్ పరీక్షల శిలా ఫలితాలను, గనుల్లో గ్యాసు కొలతలను, తోడుతున్న నీటి లెక్కను పొరల వారీగా ఒకే చోట చేర్చి మీకు అందించాలని కోరుతున్నాను.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున మా ఊరి రైతు ఒకరు లేచి "నా బోరు ఎండుతుందా?" అని అడిగితే, వేదిక మీద కూర్చున్న అధికారి ఆ పొర పైనున్న షేల్ మందం మీటర్లలో చెప్పి, దాని కోర్ పెట్టె తెరిచి చూపగలగాలి. ఆ పెట్టెలు సిద్ధం చేయించడానికి మీకు నా అనుభవం ఏమాత్రం పనికొచ్చినా, పిలిచిన రోజున క్యాంపుకు వస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్త
గోదావరిఖని